ఏడో పొట్లం

వైశాఖమాసం, తొంభై తొమ్మిదో సంవత్సరం. తెల్లారితే వాసవీ జయంతి. రాయగడ బజారులో ఉన్ని ఉండలు, లేసులు, గుండీలు, జిప్పులు, నైలాను సవరాలు అమ్ముకునే చంద్రశేఖరం ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సూర్యావతి గుడికెళ్ళి గంగాళం తెచ్చుకునేలోపు వంటింట్లో కూర్చుని ఆరు రకాల కృత్రిమ బొచ్చును పరీక్ష చేయాలి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. మిగిలినవి దాచేసి, చేతులు కడుక్కుని, పదింటికల్లా కొట్టు తెరవాలి. ఇంత చిన్న పథకం పాడవడానికి కూడా వీలుంటుందని అతనికి తట్టలేదు.

ఆ బొచ్చు గాలాలకి కట్టడానికి. ఇక్కడ కాస్త ఆగి సంగతి చెప్పాలి, లేకపోతే చంద్రశేఖరాన్ని అపార్థం చేసుకుంటారు. ఆ వీధి మొత్తం చేసుకుంది కూడా అదే. చంద్రశేఖరం నిఖార్సయిన వైశ్యుల ఇంటి బిడ్డ. గుడ్డు పెంకు తొక్కితే కాళ్ళు కడుక్కునే మనిషి. అలాంటి మనిషికి నాలుగేళ్ళ కిందట చేపలు పట్టే పిచ్చి పట్టుకుంది. అంటించినవాడు ఢిల్లీశ్వరరావు. గుణుపూర్ దగ్గర రైతుల కుటుంబం, తెరుబలి ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ ఉద్యోగం. గాలాలకు చుట్టుకోవడానికి ఎర్రదారం కొనుక్కోవడానికి కొట్టుకొచ్చి, ఆ దారం ఎందుకో చెప్పి, చెప్పడంతో ఆగక ఒక ఆదివారం నాగావళి మడుగు దగ్గరికి తీసుకెళ్ళి గాలపు కర్ర చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి చంద్రశేఖరం ప్రతినెలా రెండో ఆదివారం తెరుబలిలో సత్సంగానికి వెళ్తున్నాడు. సూర్యావతికి చెప్పింది అదే.

పట్టిన చేపను అతను తినడు, అమ్మడు, ఎవరికీ ఇవ్వడు. తడిచేత్తో పట్టుకుని, నోట్లోంచి గాలం తీసి, ఒక్క క్షణం దాని మొహంలోకి చూసి, క్షమించమని అడిగి నీళ్ళలో వదిలేస్తాడు. వానపాముని గుచ్చడం అతనివల్ల కాదు. అందుకని ఢిల్లీశ్వరరావు అతనికి కట్టుడు ఎరలు నేర్పాడు. సన్న గాలానికి దారంతో బొచ్చు చుట్టి, పురుగులా కనిపించేలా కట్టి నీళ్ళమీద తేలేస్తే అది ఫ్లై. తలకి సీసపు గుండు తగిలించి అడుక్కి దింపితే అది జిగ్గు. ఢిల్లీశ్వరరావు కోడి మెడ ఈకలూ, మేక వెంట్రుకలూ వాడేవాడు. చంద్రశేఖరం మాత్రం పిల్లల బొమ్మలకు వాడే కృత్రిమ బొచ్చు తప్ప ఇంకేదీ ముట్టుకోనన్నాడు.

"చేప మాంసం తింటాది, అది దాని ఖర్మ. నా ఎర మాత్రం శాకాహారమే అవ్వాల," అనేవాడు.

పోయిన పుష్యమాసంలో ఢిల్లీశ్వరరావు "సింథటిక్కే సావుకారూ, కళ్ళకద్దుకోండి" అని ఇచ్చిన ఎర అసలు సిసలు కోడిపుంజు ఈక అని నెల తర్వాత బయటపడింది. చంద్రశేఖరం ఎవరికీ కారణం చెప్పకుండా మూడు సోమవారాలు ఉపవాసం ఉన్నాడు. అప్పటి నుంచి తన చేత్తో కాల్చి చూడకుండా ఏ బొచ్చునీ నమ్మడం మానేశాడు.

ముందురోజు సాయంత్రం ఢిల్లీశ్వరరావు కొట్టుకొచ్చి పొట్లాలు బల్లమీద పెట్టాడు. "రేపు మజ్జేన్నం బండికి కలకత్తా పోతన్నాను, మా బావమరిది కాడికి. ఆరు రకాలున్నాయి సావుకారూ. ఏది పనికొత్తాదో తేల్చి ఉంచండి, గజాల్లెక్కన తెచ్చెత్తాను," అన్నాడు. సాయంత్రాలు ఆ కొట్లో ఆడవాళ్ళ రద్దీ ఎక్కువ. ఒకరు జాకెట్టు గుడ్డముక్క, ఇంకొకరు దారప్పోగు, రంగు నమూనాకని చిన్నచిన్న పొట్లాలు కట్టి చేతిలో పెట్టి పోతుంటారు. చంద్రశేఖరం ఆ రద్దీలోనే బల్లమీద పొట్లాలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు.

ఇక సూర్యావతి సంగతి. ఆ వీధిలో వైశ్యుల ఇళ్ళు పదకొండు. జయంతికి అమ్మవారి నైవేద్యం నూట ఎనిమిది బూరెలు ఏటా ఒక ఇల్లాలు వండుతుంది. వంతు పదకొండేళ్ళకోసారి వస్తుంది. సూర్యావతికి పోయినసారి వంతు వచ్చినప్పుడు సరిగ్గా ముందురోజు పెదమావగారు పోయి, ఇంటికి మైల వచ్చింది. ఆ రోజు ఆవిడ నానబోసిన శనగపప్పు ఆవుకి పెట్టి ఏడ్చింది. పదకొండేళ్ళు ఎదురుచూసింది. ఈసారి వారం నుంచీ ఇల్లంతా కడిగి, వంటింటి గోడలకు సున్నం వేయించి, ఇత్తడి గిన్నెలు చింతపండుతో తోమి బోర్లించింది. ఇంట్లో ఏ అశౌచం కనిపించినా వంతు తర్వాతి ఇంటికి పోతుంది. తర్వాతి ఇల్లు గౌరీశ్వరిది. పక్కిల్లే. ఆవిడ భర్త గురువులు గుడి కమిటీ ప్రెసిడెంటు. వంతుల జాబితా ఏటా గౌరీశ్వరే తన గుండ్రటి అక్షరాలతో రాసి ఇంటింటికీ పంచుతుంది. ఆ అక్షరాల కంటే కూడా ఆ వీధిలో పేరున్నది ఆవిడ జడకి. నడుము దాటి వేలాడే ఆ జడను చూపించి, ఏ నూనె రాయాలో కుర్ర కోడళ్ళకు పాఠాలు చెబుతుంటుంది.

ఎనిమిదింటికి సూర్యావతి గడప దాటింది. ఎనిమిదీ ఒకటికి చంద్రశేఖరం వంటింట్లో పీట వేసుకుని పొట్లాలు విప్పాడు. లెక్కపెడితే ఏడొచ్చాయి. ఢిల్లీశ్వరరావు ఆరన్నాడా, ఏడన్నాడా? ఆరన్నట్టే గుర్తు. కాని కళ్ళముందు ఏడున్నాయి, కళ్ళని నమ్మడం వ్యాపారి లక్షణం కాబట్టి ఏడింటినీ పరీక్షకు పెట్టాడు.

బొచ్చు ఎంచడం బయటివాళ్ళు అనుకున్నంత తేలిక కాదు. ముందు గుడ్డకు అంటిన చోట చిటికెడు పట్టుకుని మొదలుకంటా కత్తిరించాలి. దువ్వెనతో దువ్వి అడుగున ఉండే పొట్టి నూగు తీసేయాలి. దానికి సూర్యావతి దువ్వెన వాడాడు. ఆ తర్వాత గాజుగ్లాసులో నీళ్ళు పోసి ముంచాలి. తడవగానే అంట్లు తోమే పీచులా ముద్దయిపోతే పనికిరాదు. నిటారుగా నిలబడినా పనికిరాదు, చీపురుపుల్లను ఏ చేపా నమ్మదు. నీళ్ళలో విప్పారాలి, లాగితే కొసకి సన్నబడాలి, వదిలితే మళ్ళీ విప్పారాలి. కుందేలు బొమ్మ తెల్లబొచ్చు ముద్దయిపోయింది. ఎలుగుబంటి బొమ్మది పర్వాలేదనిపించింది గాని, నూగు పోయాక మిగిలింది సగమే. పసుపుది, గులాబీది చీపుర్లు. కారు సీటు కవరు ఎర్రబొచ్చు బాగానే ఆడింది. బూడిదరంగుది ఇంకా బాగా ఆడింది. అప్పుడు ఏడోది ముంచాడు. నల్లగా, కొంచెం గోధుమ ఛాయతో, సన్నటి పోగులు. అది గ్లాసులో ప్రాణమున్నట్టు ఆడింది. చంద్రశేఖరం దానికేసి చూస్తూ రెండు నిమిషాలు అన్నీ మరిచిపోయాడు.

మిగిలింది అగ్గి పరీక్ష. కృత్రిమమైతే కరిగి గట్టిపూసలా ముడుచుకుంటుంది, ప్లాస్టిక్కు వాసన వస్తుంది. ప్రాణిదైతే చిటపటమని కాలి బూడిదవుతుంది. ఆరూ బుద్ధిగా కరిగి పూసలయ్యాయి. ఏడోదాన్ని మంటకి చూపించాడు. చిటపటమంది. బూడిదయింది. వంటింట్లో ఒక ఘోరమైన వాసన లేచింది.

మనసు ఒప్పుకోలేదు. అంత బాగా ఆడిన బొచ్చు ప్రాణిది కావడమేమిటని మళ్ళీ కాల్చాడు. మూడోసారి కాస్త ఎక్కువ తీసుకుని కాల్చాడు. వాసన సున్నం గోడలకు పట్టుకుంది. కిటికీ తెరిచాడు. ఆ కిటికీ గౌరీశ్వరి పెరట్లోకి తెరుచుకుంటుంది. తర్వాత ఆరు అగరొత్తులు వెలిగించి, వాటితో చాలక సాంబ్రాణి వేశాడు. ఇప్పుడా వాసన పండగనాటి ఘోరమైన వాసన అయింది.

అప్పటికి తొమ్మిది దాటింది. ఇంకా రంగు పరీక్ష ఉంది. నీళ్ళలో రంగు వదిలే బొచ్చుతో జిగ్గు కడితే రెండు వారాల్లో వెలిసిపోతుంది. తొందరలో చేతికందిన ఇత్తడి గిన్నెలో నీళ్ళు పెట్టి, అన్ని పొట్లాల్లోంచీ చిటికెడు చొప్పున ఒకేసారి పడేసి మరగబెట్టాడు. కారు సీటు కవరు తన గుణం చూపించింది. గిన్నెలో నీళ్ళు చిక్కటి ఎరుపయ్యాయి. మీద తెల్లవీ, నల్లవీ, బూడిదవీ వెంట్రుకలు తేలాయి.

సరిగ్గా అప్పుడు అంట్లు తోమే రాజులమ్మ పెరటి గుమ్మంలోంచి వచ్చి, ముక్కు ఎగబీల్చి, సంతోషంగా అడిగింది. "ఏటి బావుగారూ, తలకాయి కాలుత్తన్నారేటి?"

చంద్రశేఖరం తన తల తడిమి చూసుకున్నాడు. "ఎవరి తలకాయి?"

"మేకది బావూ. బొచ్చు కాల్సితే వొచ్చే వోసనే గదా ఇది. మా ఇంట్ల ఆదోరం ఆదోరం ఇదే వోసన."

పుట్టి నలభై ఆరేళ్ళయినా ఆ వాసనకు అలాంటి అర్థం ఉందని చంద్రశేఖరానికి తెలీదు. తెలిసే అవకాశమే లేదు. రాజులమ్మ ఈలోపు గిన్నెలోకి తొంగిచూసి నాలిక కరుచుకుంది.

"అయ్యయ్యో, సరీగ్గా కాలకుండానే ఉడకెట్టీసేరు. పసుపు రాసి కత్తితోటి గీకాల బావూ. నాకు సెప్తే సేసెడదును గదా."

"అదేం కాదు రాజులమ్మా! అది... అది వేరే."

"నాకెందుకు బావూ. మొగోళ్ళకి ఆశలుంటాయి. అమ్మగారు లేనప్పుడేగా."

"ఎవరికీ సెప్పకు!" అన్నాడు చంద్రశేఖరం. ఆ ఉదయం అతను చేసిన పనులన్నిటిలోకీ పెద్ద పొరపాటు ఆ రెండు మాటలే.

రాజులమ్మ మాట తప్పే మనిషి కాదు. అక్కణ్ణుంచి గౌరీశ్వరి ఇంటికి పనికెళ్ళి, మూతి బిగించుకుని అంట్ల ముందు కూర్చుంది. గౌరీశ్వరి అప్పటికే పెరట్లో నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కింటి కిటికీకేసి చూస్తోంది.

"ఏటే రాజులూ, సూర్యావతోలింట్లోంచి ఆ వాసనేటి?"

"నాకేటీ తెల్దమ్మా."

"తెలీకపోతే ఆ మొహం అలగెట్టేవేటి?"

"సెప్పొద్దన్నారమ్మా బావుగారు."

"ఏటి సెప్పొద్దన్నారు?"

"తలకాయి సంగతి," అంది రాజులమ్మ. ఆవిడ దృష్టిలో అది చెప్పడం కిందికి రాదు.

ఇక్కడ చంద్రశేఖరం గిన్నె చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. బొచ్చు పిండి, పొట్లాలతో పాటు సంచిలో వేసుకున్నాడు. ఎర్రనీళ్ళను ఏం చేయాలో తోచక తూములో పారబోశాడు. ఆ తూము ఇంటి ముందున్న కాలవలోకి పోతుంది. కాలవలోంచి ఎర్రటి నీళ్ళు గురువులు గారి అరుగు పక్కగా, గుడిదాకా నింపాదిగా పారుకుంటూ పోయాయి. కూరలు కొనుక్కుని పోతున్న ఒరియా గుమాస్తా ఒకాయన ఆగి, కాలవకేసీ గుమ్మంకేసీ చూసి, "కొణొ హేలా, సావుకార్? రొక్తొ?" అని, ఏమైంది రక్తమా అన్నట్టు కంగారుగా అడిగాడు.

"నాహిఁ నాహిఁ, రంగు!" అని చంద్రశేఖరం వీధి కిటికీలోంచి అరిచాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

తొమ్మిదిన్నరకి వాసన ఒక మేక తలగా ఉండేది. పది అయ్యేసరికి ఇంట్లో మేకనే కోసేశారు. కోసిందెవరు, ఎందుకు అని అడిగినవాళ్ళకి వీధిలో ఎవరి దగ్గరా జవాబు లేదు గాని, ఆ కారణంగా నమ్మడం మానేసినవాళ్ళు కూడా లేరు. గురువులు కండువా వేసుకుని, వెనక నలుగురు కమిటీ పెద్దలతో, పక్కన గౌరీశ్వరితో చంద్రశేఖరం గుమ్మం ముందుకొచ్చాడు. అదే సమయానికి సూర్యావతి రిక్షాలో గుడి గంగాళం ఒళ్ళో పెట్టుకుని దిగింది. తన వంతుకి గౌరవంగా అందరూ ఎదురొచ్చారనుకుని పాపం నవ్వింది కూడా.

"నవ్వకమ్మా," అన్నాడు గురువులు. ఆయన స్వతహాగా మెత్తని మనిషి. ఏం చెప్పాలో తెలియక కాలవకేసి చూపించాడు. "మీ ఇంట్లో ఏటో అయిందంటన్నారు. ఏటయిందో మాకూ తెలీడం లేదు. గాని రేపు జయంతి కదా. ఇలాటప్పుడు వంతు... పక్కింటికి..."

సూర్యావతి గంగాళం కిందపెట్టలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఏటండీ, ఏటయింది?" అని భర్తని అడిగింది. "ఎవరు పోయేరు?"

"ఎవరూ పోలేదు!"

"పోలేదేటి, మేక పోయింది," అంది గౌరీశ్వరి. "రాజులమ్మ కళ్ళారా చూసింది."

"నాను సెప్పనేదు బావూ," అంది వెనకనుంచి రాజులమ్మ.

నిజం చెప్పకపోతే చంద్రశేఖరం మేకని తిన్నవాడవుతాడు. చెబితే నాలుగేళ్ళ సత్సంగం ఏటిపాలవుతుంది. భార్య చేతుల్లోని గంగాళంకేసి చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"అది మేకది కాదండి! చేపలకి!" అన్నాడు.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ గోలలోకి సూట్‌కేసు ముందు పెట్టుకుని స్కూటర్ మీద ఢిల్లీశ్వరరావు వచ్చి దిగాడు. జనాన్ని చూసి జయంతి ఏర్పాట్లనుకున్నాడు.

"సావుకారూ! బండికి టైమైపోతంది. కొర్రమీను దేనికి పడతాదో తేల్చేరా?" అని వీధంతా వినబడేలా అడిగాడు.

సూర్యావతి భర్తకేసి తిరిగింది. "ఈయన సత్సంగం ఢిల్లీశ్వరరావు గారు కాదేటండీ? భజన బాగా పాడతారని సెప్పేరు?"

చంద్రశేఖరం తల దించుకున్నాడు.

"మరి నెలనెలా ప్రసాదమని తెచ్చే కోవా?"

"తెరుబలి స్టేషన్లో కొన్నాను."

ఆ కోవాని కళ్ళకద్దుకుని, పక్కింటికి కూడా పంచిపెట్టిన రోజులన్నీ గుర్తొచ్చి సూర్యావతి మొహం ఎర్రబడింది. గురువులు మాత్రం కమిటీ ప్రెసిడెంటు కాబట్టి విచారణ చేయక తప్పలేదు.

"సేకరం, నువ్వు చేపలు తింటావా?"

"రామరామ! లేదండి."

"అమ్ముతావా?"

"లేదండి."

"మరి పట్టడమెందుకు?"

"వదిలీడానికండి."

"వదిలీడానికైతే పట్టడమెందుకు?"

"పడితేనే గదండీ వదిలేది."

గురువులు కండువాతో మొహం తుడుచుకున్నాడు. వెనకున్న పెద్దల్లో ఒకాయన "అదీ నిజమే" అన్నాడు గాని, ఏది నిజమో ఆయనా చెప్పలేకపోయాడు. ఢిల్లీశ్వరరావుకి అప్పటికి పరిస్థితి కాస్త అర్థమయింది. ముందుకొచ్చి, ఆ ఇంట్లో ఉన్నదంతా పిల్లల బొమ్మల బొచ్చేననీ, కావాలంటే అందరి ముందూ కాల్చి చూపిస్తాననీ అన్నాడు. అరుగు మీద కొవ్వొత్తి పెట్టారు. చంద్రశేఖరం సంచీ తెచ్చాడు. తెల్లది కరిగింది. గోధుమరంగుది కరిగింది. పసుపు, గులాబీ, ఎరుపు, బూడిద, అన్నీ కరిగి పూసలయ్యాయి. జనం మొహాల్లో మేక కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. సూర్యావతి కూడా గంగాళాన్ని మొదటిసారి అరుగు మీద పెట్టింది.

"అయిపోయేయి," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"ఇంకోటుంది," అన్నాడు చంద్రశేఖరం. నిజాయితీపరుడు కావడం వల్ల వచ్చిన కష్టాలివే.

"నేనిచ్చినవి ఆరే గదా సావుకారూ?"

"ఏడున్నాయి."

నల్లకుచ్చు మంటలో పెట్టగానే చిటపటమంది. వాసన లేచింది. కమిటీ మొత్తం రెండడుగులు వెనక్కి వేసింది. "ఇదే! ఇదే వోసన!" అని రాజులమ్మ సాక్ష్యం చెప్పింది. గౌరీశ్వరి చేతులు తిప్పుతూ, "చూసేరా? నా ముక్కు అబద్ధమాడదు. ఇది మేకే!" అంది.

ఢిల్లీశ్వరరావు మిగిలిన పోగుల్ని వెలుతురుకేసి పట్టి, వేళ్ళమధ్య దొర్లించి చూశాడు. ఇరవయ్యేళ్ళుగా అన్ని జంతువుల బొచ్చుతోనూ గాలాలు కట్టిన చెయ్యి అది. "మేక కాదమ్మా ఇది," అన్నాడు నెమ్మదిగా. "మనిషి జుట్టు."

కాలవలో ఎర్రనీళ్ళ కేసి ఇద్దరు ముగ్గురు మళ్ళీ చూశారు. గురువులుకి మేకే నయమనిపించింది. "మనిషిదా? ఏ మనిషిది? సేకరం, ఏటయ్యా ఇది?"

"నాకేం తెలీదండి! పొట్లంలో ఉంది!"

"ఏ పొట్లం?" అంది సూర్యావతి. అంతసేపటికి ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది. భర్త చేతిలోని సంచీ లాక్కుని పొట్లం కాగితాలన్నీ అరుగుమీద పరిచింది. ఆరు పాత ఒరియా పేపరు ముక్కలు. ఏడోది దళసరి పసుపు కాగితం. మీద అమ్మవారి బొమ్మ, జయంతి ఆహ్వానం. ఆ ఆహ్వానాలు ప్రెస్సు నుంచి నిన్న సాయంత్రమే వచ్చాయి. ఇంకా ఎవరికీ పంచలేదు. ప్రెసిడెంటు ఇంట్లోనే కట్ట విప్పారు. సూర్యావతి కాగితం వెనక్కి తిప్పింది. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలు ఆవిడకి బాగా తెలుసు. తన పేరున్న వంతుల జాబితాని వారం నుంచీ రోజుకి నాలుగుసార్లు చదువుకుంటోంది.

'సవరం. సరిగ్గా ఇదే రంగు. రెండు జానల పొడవు. పాతది ఊడిపోతోంది, తొందరగా తెప్పించండి. ఎవరికీ తెలియనివ్వవద్దు.'

సూర్యావతి పైకి చదవలేదు. తలెత్తి గౌరీశ్వరిని చూసింది. తర్వాత గౌరీశ్వరి భుజం మీంచి ముందుకి వేసుకున్న జడను, నడుము దాకా, తీరిగ్గా చూసింది. గౌరీశ్వరి మొహంలో రంగు కారు సీటు కవరు కంటే తొందరగా వెలిసిపోయింది.

"ఒదినా," అంది సూర్యావతి చాలా మర్యాదగా. "ఈ కాయితం మీద ఏదో రాసుంది. నాకు సరిగ్గా కనపడ్డం లేదు. అన్నయ్యగారిని పైకి సదవమంటారా?"

"ఎందుకమ్మా సదవడం?" అంది గౌరీశ్వరి. ఒక్క అంగలో అరుగెక్కి సూర్యావతి పక్కన నిలబడి, భర్తకేసి తిరిగింది. "ఏటండీ ఈ గోల? ఆడదున్న ఇంట్లో జుట్టు లేకుండా ఎలగుంటాది? దువ్వెన్లోది రెండు పోగులు పొయ్యిలో పడుంటాయి. అంతదానికి పండగపూట వీధిలో పంచాయితీ ఏటి?"

గురువులు బిత్తరపోయాడు. "నువ్వే గదే తలకాయన్నావు?"

"తలకాయకే గదా జుట్టుంటాది!"

"మేకన్నావు?"

"నాకు మేక వాసనేటి తెలుసు? రాజులమ్మ అంది."

"నాను సెప్పనేదు బావూ," అంది రాజులమ్మ మళ్ళీ.

"మరి చేపల సంగతో?"

"వదిలేస్తన్నారు గదండీ. ప్రాణిని వదిలీడం పుణ్యం గాదేటి? మీరెప్పుడైనా ఒక్కదాన్ని వదిలేరా?" అని గౌరీశ్వరి భర్తని నిలదీసింది. తను ఏ చేపనీ పట్టలేదు కాబట్టి వదిలే ప్రశ్నే రాలేదని చెప్పడానికి గురువులుకి అవకాశం దొరకలేదు. "బూరెలు సూర్యావతే వండాల. పదకొండేళ్ళు కాసుకునుంది పిల్ల. ఆ గంగాళం ఇలగివ్వమ్మా, నేను లోపలెడతాను."

అలా విచారణ ముగిసింది. ఏం తేలిందని ఎవరైనా అడిగితే గురువులు చెప్పగలిగేవాడు కాదు. ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళంతా వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంతో ఇళ్ళకి పోయారు. చంద్రశేఖరం అయితే అరుగుమీద కూలబడి, ఇప్పుడు తను మేకని తిన్నవాడా, మనిషిని కాల్చినవాడా, పుణ్యం చేసుకున్నవాడా అని ఆలోచిస్తూ ఉండిపోయాడు. చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"బూడిదరంగుది తెండి," అని ఢిల్లీశ్వరరావుకి నీరసంగా చెప్పాడు.

"ఆ నల్లది ఎలాగాడింది సావుకారూ?"

"దాని మాటెత్తకండి. అలాటిది మళ్ళీ దొరకదు."

ఢిల్లీశ్వరరావు స్కూటర్ తీస్తుంటే సూర్యావతి గుమ్మందాకా వచ్చి, మడతపెట్టిన పసుపు కాగితం, అందులో మిగిలిన నాలుగు నల్లపోగులు అతని చేతిలో పెట్టింది. "అన్నయ్యగారూ, దీని మీద ఉన్నట్టే కలకత్తాలో చూసి తెండి. మా ఆయనకి సెప్పకండి, ఆయన దాచలేరు," అంది. ఢిల్లీశ్వరరావు చదువుకుని, పక్కింటికేసి ఒకసారి చూసి, బుద్ధిగా తలూపి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు నూట ఎనిమిది బూరెలూ ఒక్కటి చిట్లకుండా వచ్చాయి. సూర్యావతి చేతుల్లోంచి పళ్ళెం అమ్మవారి ముందుకి వెళ్తున్నప్పుడు ఆవిడ మళ్ళీ ఏడ్చింది, ఈసారి దాచుకోలేదు. పిండి కలపడం దగ్గర్నుంచి పక్కనే నిలబడి సాయం చేసింది గౌరీశ్వరి. వీధిలో అందరూ ఆవిడ పెద్ద మనసు గురించి చెప్పుకున్నారు. చంద్రశేఖరాన్ని సూర్యావతి తొమ్మిది రోజులు పలకరించలేదు. పదో రోజున, "ఈ ఆదివారం సత్సంగం లేదేటండీ?" అని అడిగింది. అడిగిన తీరుకి భయపడి అతను వెళ్ళలేదు.

పదిహేను రోజులకి ఢిల్లీశ్వరరావు కలకత్తా నుంచి వచ్చాడు. బూడిదరంగు బొచ్చు మూడు గజాలు చంద్రశేఖరం ముందు పెట్టి, ఒక పొడవాటి డబ్బా సూర్యావతికి ఇచ్చాడు. చంద్రశేఖరం డబ్బాలోకి తొంగిచూశాడు. నల్లగా, కొంచెం గోధుమ ఛాయతో, రెండు జానల పొడవు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, జయంతి ముందురోజు సాయంత్రం రద్దీలో ఒక పసుపు పొట్లం చేతిలో పెట్టి తొందరగా వెళ్ళిపోయిన మనిషి అతనికి గుర్తొచ్చింది. నోరు తెరిచాడు. సూర్యావతి వేలు చూపించింది. నోరు మూశాడు. ఆ తర్వాత అలవాటు కొద్దీ అగ్గిపెట్టె తీయబోతే ఆవిడ అదీ లాక్కుంది.

"ఒకటే గదా రాసింది అన్నయ్యగారూ, రెండు తెచ్చేరేటి?" అంది సూర్యావతి.

ఢిల్లీశ్వరరావు లెక్క తప్పలేదు. ఒకటి గౌరీశ్వరి గారికి, రెండోది కొర్రమీనుకి.